పటిక మీద వెలుగు

తాతారావు గడ్డం గీసే ముందు బ్లేడు విరవడం ఒక తంతులా ఉంటుంది. కాగితం విప్పకుండానే కొత్త బ్లేడుని నిలువునా వంచి టిక్కుమనిపిస్తాడు. సగం ముక్కని కత్తిలోకి ఎక్కించి, కుర్చీలో కూర్చున్నవాడి ముక్కు ముందు ఒకసారి ఆడించి, "కళ్ళతో చూశారుగా, రేపు నన్నంటే ఊరుకోను" అంటాడు. ఆ తర్వాతే నీళ్ళ కుంచె తీస్తాడు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి ఇంతకన్నా తియ్యగా మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. నేర్పినా ఈ ఊరి జనం మీద ఆ తీపి వాడి ఉండేవాడు కాదు.

ఊరు పెదలంక. గోదావరి కాలువ గట్టున ఒక సెంటరు, నాలుగు వీధులు. ఆ వేసవిలో హైస్కూల్లో రక్తదాన శిబిరం పెడితే, ఇచ్చినవాళ్ళలో పదకొండు మందికి హెపటైటిస్ సి ఉన్నట్టు తేలింది. లివరులో చేరి ఇరవై ఏళ్ళు చప్పుడు చెయ్యకుండా కూర్చుని, ఒకరోజు పొట్టలో నీళ్ళు నింపి మనిషిని పట్టుకుపోయే రకం జబ్బు. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే వస్తుంది. ఆ మాట తెలిసిన సాయంత్రానికే ఊరు ఇద్దరు దొంగల్ని తేల్చేసింది. ఒకడు ఇంజక్షన్ల సత్తిబాబు, రెండోవాడు తాతారావు.

సత్తిబాబు ఆర్ఎంపీ. తాతారావుతో ఒకే బెంచీ మీద చదివాడు. అతనికన్నా మూడేళ్ళు ఎక్కువ చదివి, ఒక నర్సింగ్ హోములో నాలుగేళ్ళు పనిచేసి వచ్చి బోర్డు కట్టాడు. అప్పట్నుంచి అతను డాక్టరుగారు, ఇతను ఒరే తాతారావు. అందుకే జనం సత్తిబాబు కొట్టుకి తాళం వేసి గుమ్మంలో బైఠాయించిన రోజు తాతారావు మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

"నీ మీదకీ వస్తారేమో, కాస్త నోరు తగ్గించు" అంది భార్య మంగతాయారు.

"రానీ. నా డబ్బా చూపిస్తాను. విరిచిన ముక్కలు ఎన్నో లెక్కెట్టుకోమంటాను."

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి డాక్టర్ ఎస్తేరు వచ్చింది. ఆవిడ మందిచ్చే డాక్టరు కాదు, ప్రయోగశాల డాక్టరు. హైస్కూలు సైన్సు గదిలో దిగి, కిటికీలకి నల్లగుడ్డలు కట్టించి, ఊళ్ళో కత్తీ సూదీ పట్టుకునే వాళ్ళందర్నీ పిలిపించింది. చెవులు కుట్టే కంసాలి వచ్చాడు, పచ్చబొట్లు వేసే కుర్రవాళ్ళు వచ్చారు, సత్తిబాబు తల దించుకుని వచ్చాడు. ఎవరూ పిలవకపోయినా డ్రిల్లు మాస్టారు భాస్కరంగారు కూడా వచ్చారు. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆ బళ్ళో ఏం జరిగినా ఆయన ఉండాలి.

ఎస్తేరు రెండు గాజుపలకలు చూపించింది. ఒకదాని మీద రోగి రక్తం చుక్క ఆరబెట్టి, వాళ్ళ కళ్ళ ముందే సబ్బుతో కడిగి తుడిచింది. రెండూ ఒక్కలాగే తళతళలాడుతున్నాయి. చిన్న సీసాలోంచి రెండింటి మీదా ఏవో నీళ్ళు చిమ్మి, లైటు తీసేసింది.

కడిగిన పలక మీద ఆకుపచ్చని మరక లేచింది. మిణుగురు పురుగుల్ని నలిపి పూసినట్టుంది. రెండో పలక చీకట్లో కలిసిపోయింది.

"ఈ నీళ్ళు ఆ వైరస్ పైతొడుగుని వెతికి పట్టుకుంటాయి. పట్టుకున్న చోట వెలుగుతాయి" అంది ఎస్తేరు. "మన కంటికి ఆనని జాడ కూడా దీనికి ఆనుతుంది."

"ఇంకేం మరి, ఇంటింటికీ కొట్టించండి. ఎవడి బండారం వాడిదే బయటపడుద్ది" అన్నారు మాస్టారు.

"మొదట చేసిన ఊళ్ళో అలాగే చేశాం మాస్టారూ." ఆవిడ గొంతు కిందికి దిగింది. "పదిమంది ముందూ చిమ్మాం. బీడీలు చుట్టుకునే ఒకావిడ గడప వెలిగింది. సాయంత్రానికి ఆవిడ కుండలు పగలగొట్టారు. బోరింగు దగ్గరికి రానివ్వలేదు. నెల తిరక్కుండా ఆవిడ ఊరొదిలి పోయింది. తీరా పరీక్ష చేస్తే ఆవిడకి జబ్బే లేదు. కాలికి గాటు పడిన మనిషెవరో ఆ గడప తొక్కి వెళ్ళుంటారు."

ఎస్తేరు లైటు వేసి, సీసాలున్న పెట్టె ముందుకి జరిపింది.

"ఈ నీళ్ళు ఉందని మాత్రమే చెబుతాయి. ఎవరిదో చెప్పవు, ఎప్పటిదో చెప్పవు, అది బతికుందో చచ్చిందో కూడా చెప్పవు. అంత చెప్పించడం మాకింకా చేతకాలేదు. అందుకని ఇప్పుడు ఒకటే పద్ధతి. ఎవరి సీసా వాళ్ళది. ఎవరి కొట్టు వాళ్ళు తలుపేసుకుని చూసుకోండి. ఏం కనబడిందో నాకు చెప్పాలనిపిస్తే చెప్పండి. చెప్పకపోతే నేను అడగను."

"అడక్కపోతే ఎవడు చెప్తాడమ్మా?" అన్నాడు తాతారావు. "ఈ ఊరి సంగతి మీకు తెలీదు."

"మీరు చెప్తారేమో చూద్దాం."

చదువుకున్న మనుషులు ఇలాగే మెత్తగా మాట్లాడి మనచేత పని చేయించుకుంటారని అనుకుంటూ సీసా జేబులో వేసుకున్నాడు.

మంగళవారం కొట్టుకి సెలవు. ఆ మధ్యాహ్నం షట్టరు లోపలి నుంచి దించి, సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, తాతారావు ఒక్కడే కూర్చున్నాడు. కొత్త బ్లేడ్లు, కత్తిపిడి, కత్తెర్లు, దువ్వెనలు, కుంచె, అన్నీ బల్ల మీద పెళ్ళిపందిట్లో సామాన్లలా పేర్చి నీళ్ళు చిమ్మి లైటు తీసేశాడు.

చీకటి. పూర్తి చీకటి. ఒక్క వాడేసిన ముక్కల డబ్బాలో మాత్రం అక్కడక్కడా పచ్చని చుక్కలున్నాయి. ఉంటే ఉండనీ, పారేసేది అందుకేగా. తాతారావుకి నవ్వొచ్చింది. సత్తిబాబు మొహం తలుచుకుని ఇంకాస్త నవ్వొచ్చింది. షట్టరెత్తి సెంటరు మధ్యలో నిలబడి, రండ్రా చూడండి అని అరవాలనిపించింది.

లైటు వెయ్యడానికి లేచి తిరిగితే, అద్దం కింద అరమీద ఏదో వెలుగుతోంది.

సీసా నోటి నుంచి తుంపర అక్కడిదాకా పడినట్టుంది. కోడిగుడ్డంత పచ్చని వెలుగు. అంచుల దగ్గర పలచగా, పైన అరిగి నున్నగా అయిన చోట దట్టంగా ఉంది. దగ్గరికెళ్ళి చూసేదాకా అదేమిటో తట్టలేదు.

పటిక ముక్క.

గడ్డం గీశాక ఎక్కడైనా గీరుకుంటే, తడి చేసి రుద్దే పటిక. చర్రుమని మండి రక్తం ఆగిపోతుంది. బ్లేడు ప్రతి మనిషికీ మారేది. పటిక మాత్రం అది అరిగి మాయమయ్యేదాకా ఒకటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ దవడ మీంచి ఆ దవడ మీదకి. అతని తండ్రీ అలాగే రుద్దాడు. దాన్ని కడగాలన్న ఆలోచన ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకొస్తుంది? కాలవలో కొత్తనీరు వచ్చి బురద బురదగా ఉన్న రోజుల్లో అతని తల్లి బిందెలో పటిక నాలుగు చుట్లు తిప్పితే గంటలో నీళ్ళు అద్దంలా తేరేవి. ఆ నీళ్ళు తాగే ఈ లంకలో అందరూ పెరిగారు. మురికిని విరిచేసేదానికి మురికేం అంటుతుందనుకున్నారు. తాతారావు కూడా అలాగే అనుకున్నాడు.

చెయ్యి చాపి ముట్టుకోబోయి ఆగాడు. అప్పుడు తన కుడిచేతి బొటనవేలి పగుళ్ళు కూడా సన్నగా వెలుగుతున్నట్టు కనిపించింది. దానికి అతను పెద్దగా బెదరలేదు. స్టూలు మీద కూర్చోబెట్టేసింది ఇంకో సంగతి.

నెల కిందట మనవరాలు తన్మయికి పుట్టువెంట్రుకలు తీయించారు. పదకొండు నెలల పిల్ల. గుడి దగ్గర వేరేవాళ్ళ చేతికి ఇవ్వనని, నా మనవరాలి తల మీద నా చెయ్యే పడాలని పట్టుబట్టి తనే కూర్చున్నాడు. కొత్త బ్లేడు, కొత్త తువ్వాలు, కాచి చల్లార్చిన నీళ్ళు తీసుకెళ్ళాడు. అక్కడ దొరికే పటిక ఎలాంటిదోనని కొట్లో ముక్కనే కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకెళ్ళాడు. పిల్ల తల విదిలిస్తే కుడిచెవి వెనక చిన్న గాటు పడింది. బియ్యపుగింజంత. తాతారావు ముద్దు చేస్తూ, ఊదుతూ, పటిక రుద్దాడు. రెండుసార్లు రుద్దాడు.

ఆ చీకట్లో స్టూలు మీద ఎంతసేపు కూర్చున్నాడో అతనికి తెలీదు.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు శేషారత్నం పిల్లని చంకనేసుకుని వచ్చి ఉంది. రెండు వీధుల అవతలే అత్తవారిల్లు. "నాన్నా, కాసేపు పట్టుకో, పెసరట్లు వేస్తాను" అంటూ పిల్లని ఇవ్వబోయింది. తాతారావు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు, పని నుంచి వచ్చాను."

"ఈ రోజు సెలవుగా."

"సెలవైతే పనుండదా ఏంటి."

పిల్ల ఇటు వంగి చేతులు చాచింది. గుండు మీద పచ్చగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. తాతారావు పెరట్లోకి పోయి పంపు తిప్పి చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు. ఎత్తుకుంటే రాదని, ఒక కంచంలో తింటే రాదని, దగ్గితే తుమ్మితే రాదని ఎస్తేరు నాలుగుసార్లు చెప్పింది. బుర్రకి తెలుసు. చేతులకి తెలియలేదు.

మర్నాడు కొట్టు తియ్యలేదు. పటికని కాగితంలో చుట్టి కాలువ వంతెన మీదకి వెళ్ళాడు. విసిరేస్తే అయిపోతుంది. తలుపేసుకుని చూసింది తనొక్కడే. ఎస్తేరు అడగనంది. ఊరు సత్తిబాబుని పట్టుకుని ఎలాగూ తృప్తి పడింది. ముప్పై ఏళ్ళు ఒరే అని పిలిచిన ఊరికి తను ఏం బాకీ? పిల్లకి ఏదో వంక పెట్టి రాజమండ్రి తీసుకెళ్ళి చూపించుకోవచ్చు. ఏమని చూపిస్తాడు, శేషుకి ఏమని చెబుతాడు, అది తెగలేదు. ఇంకోటి కూడా బుర్రలో దూరి పోవడం లేదు. ఆ గుడి దగ్గర్నుంచి వచ్చాక కూడా నెలరోజులు అదే పటిక రుద్దాడు. ఎవరెవరి మీద రుద్దాడో ఒక్కొక్కటే కళ్ళకి కడుతోంది.

చెయ్యి పైకెత్తాడు. దించేశాడు. తిన్నగా హైస్కూలుకి నడిచాడు.

ఎస్తేరు కాగితం విప్పి చూసింది. నల్లగుడ్డ కప్పి లోపలికి తొంగి చూసి, అక్కడున్న కుర్చీలో కూలబడింది.

"మేం సూదుల వెనక పడ్డాం, బ్లేడ్ల వెనక పడ్డాం. దీని సంగతి మా జాబితాలోనే లేదు" అంది.

"నా మనవరాలమ్మా." గుడి దగ్గర పడిన గాటు సంగతి చెప్పాడు. "ఉంటే ఏం చేస్తారు? ఏడాది పిల్ల."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "పెద్దవాళ్ళకైతే మూడు నెలలు మాత్రలు వేస్తే దాదాపు అందరికీ పోతుంది. పిల్లలకి మూడేళ్ళు నిండాక ఇస్తాం. అప్పటిదాకా కనిపెట్టుకుని ఉండాలి. కానీ ఈ వెలుగు చచ్చిన వైరస్‌కీ వస్తుందని చెప్పాను కదా. నెల దాటింది కాబట్టి రక్తం చూస్తే తెలిసిపోతుంది. రేపే తీసుకురండి."

"ఇంకా ఉన్నారు."

"ఎవరు?"

"నేను గాటు పెట్టినోళ్ళు."

ఎస్తేరు కలం తీసింది. ఎక్కడా రాసుకోలేదే, ఎలా గుర్తుంటుందని అనుమానంగా అడిగింది. తాతారావు కళ్ళు మూసుకున్నాడు.

"బియ్యం మిల్లు గుమాస్తా, ఎడమ దవడ కింద పులిపిరి, ప్రతిసారీ తగులుద్ది. పోస్టుమేను వెంకన్న, మెడ మీద వెంట్రుకలు ఎదురు తిరిగి ఉంటాయి, రెండు చోట్ల. ఆటో నాగరాజు, మాట్లాడకుండా కూర్చోడు, గెడ్డం గుంటలో. డ్రిల్లు మాస్టారు, పై పెదవి మీద, అది నా తప్పు కాదు, తుమ్మేరు..."

రెండు గంటలు చెప్పాడు. మధ్యలో ఒకసారి మంచినీళ్ళు అడిగాడు. నూట పన్నెండు పేర్లు. ఎస్తేరు పక్కన ఉన్న సహాయకురాలు తన పని ఆపి అతని వంకే చూస్తూ ఉండిపోయింది. "మా కంప్యూటర్లో కూడా ఇంత వివరంగా లేదండి" అంది.

"మొహాలతో పనమ్మా మాది. పేర్లు మర్చిపోతాం గానీ గెడ్డాలు మర్చిపోం."

"వీళ్ళందర్నీ పిలవాలి" అంది ఎస్తేరు. "ఎందుకు పిలిచామని అడుగుతారు. మీ పేరు నేను చెప్పను."

"మీరు చెప్పక్కర్లేదు."

సాయంత్రం నాలుగింటికి సత్తిబాబు కొట్టు ముందు జనం ఉన్నారు. సత్తిబాబు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తాతారావు వాళ్ళ మధ్యకి వెళ్ళి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పేశాడు. పటిక సంగతి, పచ్చ వెలుగు సంగతి, మనవరాలి సంగతి.

"అంటే నువ్వేనా మా కొంప ముంచింది?" అన్నాడు ఆటో నాగరాజు.

"ముంచేనో లేదో రక్తం చూస్తే తెలుస్తాది. నీ గెడ్డం గుంటలో రుద్దేను. రేపు పొద్దున్నే రా. పరగడుపుగా కూడా ఉండక్కర్లేదంట."

"బ్లేడు ఇరిసి మొహం మీద ఆడించేవోడివి గదరా, మహా నిజాయితీపరుడిలాగ."

"బ్లేడు మార్చేను. పటిక మార్చలేదు. తెలిసి చెయ్యలేదు. తెలిసేక దాచలేదు. ఇంకేం కావాలి నీకు?"

భాస్కరం మాస్టారు పై పెదవి తడుముకున్నారు. "ఒరే తాతారావు..." అని ఆగి, గొంతు సవరించుకున్నారు. "ఏమయ్యా తాతారావు, నా పేరు కూడా ఇచ్చావా?"

"మొదటి పదిమందిలోనే ఇచ్చేనండి."

"సరే అయితే. నాగరాజు, గోల ఆపి నడు. రేపు ఏడింటికి అందరూ వరసలో ఉండాలి."

జనం సణుక్కుంటూ కదిలారు. మెట్టు మీద సత్తిబాబు మిగిలాడు. "నా సీసా ఇంకా మూత తియ్యలేదురా" అన్నాడు మెల్లగా. "భయమేసింది."

తాతారావు అతని వంక చూశాడు. సంతోషంగా తిట్టుకోవడానికి ఎన్నో మాటలు దాచుకుని ఉన్నాడు. ఒక్కటీ నోట్లోకి రాలేదు. "తలుపేసుకుని చూసుకో. నేను బయట కూర్చుంటాను" అన్నాడు.

ఆ సీసాలో ఏం తేలిందో సత్తిబాబే మర్నాడు వెళ్ళి ఎస్తేరుకి చెప్పుకున్నాడు. అతని స్టీలు డబ్బా అడుగున పాత సిరంజీలు రెండు వెలిగాయి.

ఇంట్లో సంగతి వేరు. శేషారత్నం అరవలేదు. పిల్లని గుండెకి హత్తుకుని, "నీ చెయ్యే పడాలన్నావు కదా నాన్నా" అని మాత్రం అంది. ఆ ఒక్క మాటా తాతారావు మూడు రోజులు మోశాడు. రక్తం తీసేటప్పుడు పిల్ల ఏడ్చిన ఏడుపు కూడా దాంతో కలిపి మోశాడు. పిల్ల రక్తం, అతని రక్తం, మిగతా అందరిదీ గొట్టాల్లో నింపి శీతలపెట్టెలో విశాఖపట్నం పంపారు.

ఆ మూడు రోజులూ మంగతాయారు అతనికి వేరే కంచం పెట్టలేదు. పొరుగావిడ పెట్టమని చెప్పి చూసింది. "రాదని డాక్టరమ్మ చెప్పింది కదా, వినలేదా నువ్వు" అని పంపేసింది. అతని గడ్డం సామాను, పళ్ళ బ్రష్షు, గోళ్ళ కత్తెర మాత్రం ఒక రేకు డబ్బాలో పెట్టి పై అరలోకి ఎక్కించింది.

"అన్నం నాతోనే. గోళ్ళ కత్తెర మటుకు ఎవరిది వాళ్ళదే" అంది. "ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాదికీ ఒకటే వాడేం. బుద్ధుండొద్దూ."

"నీక్కూడా పరీక్ష చెయ్యాలంట."

"చేయించుకున్నాను. నువ్వు కిటికీలోంచి కాలువ చూస్తా కూర్చున్నప్పుడు."

నాలుగో రోజు ఉదయం ఎస్తేరు కబురు పెట్టింది. నలుగురూ వెళ్ళారు, పిల్లతో కలిపి. సైన్సు గది నల్లగుడ్డలు తీసేశారు. ఎండ బల్లల మీద పడుతోంది. ఎస్తేరు వాళ్ళని చూడగానే, కూర్చోమని కూడా చెప్పకుండా, "పాపకి లేదు" అంది.

శేషారత్నం అక్కడే చతికిలబడింది. మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతారావు మాత్రం, "ఇంకోసారి చెప్పండమ్మా" అన్నాడు.

"పాప రక్తంలో వైరస్ లేదు. నమ్మకం కోసం మూడు నెలలకి ఇంకోసారి చూద్దాం. కానీ ఉంటే ఇప్పటికే కనబడాలి. మంగతాయారుగారికీ లేదు."

"మిగతావాళ్ళకి?"

"నూట పన్నెండు మందిలో ఆరుగురికి ఉంది. పటిక వల్లో, సూది వల్లో, ఇంకెక్కడో, అది ఎవరూ చెప్పలేరు. మాస్టారికి ఉంది. అందరికీ తొందరగానే తెలిసింది, లివర్లు బాగానే ఉన్నాయి. మాత్రలు రేపటి నుంచి మొదలు." కాగితం తిప్పింది. "మీకూ ఉంది తాతారావుగారూ. పన్నెండేళ్ళో పదిహేనేళ్ళో అయ్యుండొచ్చు. ఇలా బయటపడకపోతే ఇంకో నాలుగైదేళ్ళకి పొట్టలో నీళ్ళతో కనబడేవారు."

"నాకా?" ఆ మాట పక్కింటి వాళ్ళ సంగతి విన్నట్టు విన్నాడు. "ఉంటే ఉందిలెండి. మాత్రలు ఉన్నాయన్నారుగా."

"నువ్వు అలా తేలిగ్గా తియ్యకు" అని మంగతాయారు కసిరింది. కసురుతూనే ఏడుస్తూ నవ్వుతోంది.

బయట వరండాలో భాస్కరం మాస్టారు మాత్రల చీటీ పట్టుకుని నిలబడి ఉన్నారు. "మన బ్యాచీ అయ్యాం కదయ్యా" అన్నారు. "కొట్టెప్పుడు తీస్తావు? గెడ్డం పెరిగిపోయింది."

"ఎల్లుండి. గెడ్డానికి ఎవరి సామాను వాళ్ళు తెచ్చుకోండి. పటిక పొడి చేసి దూదికి అద్దుతాను, ఒకసారి వాడి పారేసేలా. నా చేతికి పగుళ్ళు తగ్గేదాకా గ్లౌజులేసుకుంటాను. కుదరదన్నోళ్ళు పక్కూరెళ్ళండి."

"నోరు మాత్రం మారలేదు."

"దానికి మందు చెప్పలేదండి ఆవిడ."

శేషారత్నం కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది. పిల్లని తండ్రికి అందించబోయింది. తాతారావు చేతులు మొదట కదల్లేదు. పిల్లే అతని చొక్కా పట్టుకుని ఇవతలికి లాక్కుంది. బరువుగా, వెచ్చగా, పాలవాసనతో భుజం మీద వాలింది.

చెవి వెనక గాటు ఎక్కడుండేదో వెతికాడు. కనబడలేదు. అరచెయ్యి తలమీద నిలువునా నిమిరాడు. కొత్త వెంట్రుకలు వడ్లగింజలంత పొడవున గరుగ్గా తగిలాయి. వెనకనుంచి ముందుకి, ముందునుంచి వెనక్కి, ఇంకోసారి నిమిరి చూశాడు.

"సమంగా వస్తన్నాయే శేషూ" అన్నాడు. "ఎక్కడా తేడా లేదు."